ఆత్యా కొడుకు

ఆదిలాబాద్ చలికి మొహమాటం తెలియదు. దీపావళి రాకముందే తలుపు సందుల్లోంచి దూరి, పిలవని చుట్టంలా గొంగడి కిందికి వచ్చి పడుకుంటుంది. మంథని పక్క పల్లెలో పుట్టి పెరిగిన బాలలక్ష్మికి చలి అంటే తెల్లవారుజామున గోదావరి మీద లేచే కాస్త మంచు, అంతే. పొద్దెక్కితే అదీ ఉండదు. ఇక్కడ బడికి బయల్దేరే వేళకు కూడా నోట్లోంచి పొగ వచ్చేది. గోలెంలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. పెదవులు పగిలి, నవ్వితే రక్తం వచ్చేది. ఆ రోజుల్లో నవ్వే పని పెద్దగా పడలేదు కాబట్టి సరిపోయింది.

ఆ పిల్ల అక్కడికి పంతులమ్మ ట్రైనింగుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండేళ్లయింది. పల్లెపల్లెకు బడి పెడతామని, చదివిన ఆడపిల్లలు కావాలని చాటింపు వేయిస్తున్న కాలం. సీటు దసరా వెళ్లాక గాని రాలేదు. ఆడపిల్లలకు హాస్టల్ కట్టడం గోడల దాకానే వచ్చి ఆగింది.

చదువు మీద ఆమెకు ఎంత ఆశో, కొండల్ అంటే అంత భయం. కొండల్ మేనమామ కొడుకు. ఆమె తొట్టెలో ఉండగానే మేనమామ వచ్చి "గిది నా కోడలు" అన్నాడట, బాపు రాజయ్య తలూపాడట. ఆ తలూపడం ఆమె మెడకు చుట్టుకుని పద్దెనిమిదేళ్లుగా ఉంది. కొండల్ దుర్మార్గుడేం కాదు. కానీ ఆమె చేతిలో పుస్తకం కనబడితే చాలు, "నాట్లేసేటప్పుడు గీ పుస్తకం బురదల పెడ్తవా, నెత్తి మీద పెడ్తవా?" అని ఇకిలించేవాడు. ఆ ఇకిలింపు బతుకంతా వినాలంటే ఆమెకు ఒళ్లు మండేది.

ఏడ్చి, అన్నం మానేసి, బాపును ఒప్పించుకుని వచ్చింది. రాజయ్య ఒకటే షరతు పెట్టాడు. "సూడు బిడ్డా, ఒక్క చెడ్డ మాట నా చెవుల పడ్డా, గా దినమే వచ్చి తోల్కవోత. ఇగ అటెన్క లగ్గమే."

అంటే ఏం జరిగినా నోరెత్తకూడదు. చలి అనకూడదు, తిండి పడటం లేదనకూడదు, ఏడుపొస్తోందని అసలే అనకూడదు.

రాజయ్యకు ఆ ఊళ్లో ఉన్నది ఒక్క స్నేహితుడు, హనుమండ్లు. జిన్నింగు మిల్లులో పత్తి తూచే కాంటా దగ్గర పని. మిల్లు వెనక పెంకుటింట్లో లీలాబాయి అనే మరాఠీ ఆవిడ దగ్గర బాలలక్ష్మికి వసతి కుదిర్చింది అతనే. లీలాబాయి భర్త పోయి చాలా కాలమైంది. ఆమె తెలుగు సగం దారి దాకా వచ్చి మళ్లీ మరాఠీలోకి తిరిగి వెళ్లిపోయేది.

దింపి వెళ్లే రోజున "ఫికర్ నక్కో, దాదా" అని ఆమె ధైర్యం చెప్పింది. రాజయ్య రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇగ గీ పిల్ల మీ ఇంటి పిల్లె, అక్కా."

ఆ మాట అప్పుడు బాలలక్ష్మి చెవికి కమ్మగానే వినిపించింది.

బాపు బస్సెక్కాక లీలాబాయి ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని, జొన్నరొట్టె మీద బెల్లం ముక్క పెట్టి ఇచ్చి, "నన్ను ఆత్యా అను పోరీ" అంది. అత్తయ్యా అనమంటోంది కాబోలనుకుంది బాలలక్ష్మి. బాపును అన్న వరస పెట్టి దాదా అని పిలిచింది కదా, మేనత్తే అవుతుంది. అలాగే పిలిచింది. ముక్కూ మొహం తెలియని ఊళ్లో ఒక మేనత్త దొరికిందని సంతోషించింది కూడా. మేనత్త అన్నాక కొడుకుంటాడేమోనని అప్పుడు ఎవరికి తోస్తుంది?

ఉన్నాడు. దీపావళికి ముందు రోజు సాయంత్రం నెత్తిన పెద్ద మూటతో గడపలో నిలబడ్డాడు. ఇరవై నాలుగైదేళ్లుంటాయి. చొక్కా నిండా పత్తి పీచు.

లీలాబాయి వాడి మొహం రెండు చేతుల్లో పట్టుకుని మరాఠీలో ఏదేదో అని, కళ్లు ఒత్తుకుని, బాలలక్ష్మి వైపు తిప్పి నిలబెట్టింది.

"పోరీ, గీడు అంబదాస్. భైంసా మిల్లుల ఫిట్టరు. నీ భావు."

బాలలక్ష్మి చేతిలో చెంబు జారబోయి ఆగింది. బావ!

తెలుగింట పుట్టిన ఏ పిల్లకైనా బావ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. మేనత్త కొడుకు బావ, వరసైనవాడు, తాళి కట్టదగినవాడు. ఈమె నోటితో ఆత్యా అనిపించింది ఇందుకన్నమాట. బాపు ఆమెను అక్కా అన్నది ఇందుకన్నమాట. "మీ ఇంటి పిల్లె!" ఆ మాట ఆడపిల్లను అత్తవారికి అప్పగించేటప్పుడు కాక ఇంకెప్పుడంటారు?

అంబదాస్ నవ్వుతూ మూట విప్పాడు. అందులో ఎర్ర పూల రజాయి. కొత్త పత్తితో కుట్టించినట్టుంది, పరుపంత మందంగా ఉంది. "నీకే. ఈడ చలి మస్తు" అని ఆమె మంచం మీద పెట్టి, తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు. తల వంచుకోవడం చూసి ఆమెకు అనుమానం ఇంకా గట్టిపడింది. సిగ్గుపడుతున్నాడు!

ఆ రజాయి ఆమె ముట్టలేదు. కాళ్ల దగ్గర మడతపెట్టి ఉంచి, పాత గొంగడిలోనే ముడుచుకుని పడుకునేది. పళ్లు టకటక కొట్టుకునేవి. అది కప్పుకుంటే ఒప్పుకున్నట్టే. పొద్దున లీలాబాయి వచ్చి చూసి, "చలికి చస్తవా పోరీ? నా ఇంట్ల చస్తవా?" అని కసిరి, తానే కప్పేది. ఆమె అటు వెళ్లగానే బాలలక్ష్మి తీసేసేది.

సెలవులు కావడంతో ట్రైనింగు బడి మూసేశారు. తెలుగు పిల్లలందరూ ఇళ్లకు వెళ్లారు. పెద్ద పంతులమ్మ కూడా ఊళ్లో లేదు. బాలలక్ష్మి ఒక్కతే వెళ్లలేదు, వెళితే మళ్లీ రానివ్వరేమోనన్న భయంతో. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు. వీధిలో మాటలన్నీ మరాఠీ. చుట్టూ అంత మంది ఉన్నా ఆ పిల్ల ఒంటరిదైపోయింది, పాపం.

ఇంట్లో మాత్రం హడావిడి పెరుగుతోంది. లీలాబాయి వాకిలి అలికింది. అటక మీంచి ఇత్తడి పువ్వుల పీట దింపి చింతపండు వేసి తోమింది. ఆకుపచ్చ చీర తెచ్చి బాలలక్ష్మి భుజం మీద వేసి చూసుకుని మురిసింది. గాజులవాణ్ని పిలిపించి, వద్దన్నా వినకుండా చేతినిండా గాజులు వేయించింది. కజ్జికాయలు చేస్తూ తనలో తానే ఏదో పాట పాడుకుంది.

"ఎందుకాత్యా గివన్నీ?"

"అరే, భావుబీజ్ గదా పోరీ! నువ్వు గీ చీర కట్టుకోవాలె. అంబదాస్ పీట మీద కూసుంటడు. నువ్వు కుంకుమ పెట్టాలె, దీపం తిప్పాలె." లీలాబాయి పీటను కొంగుతో ఇంకోసారి తుడిచింది. "ఎన్ని దినాలకు నా ఇంట్ల గీ పండుగ!"

బీజ్ అంటే ఏమిటో బాలలక్ష్మికి అర్థం కాలేదు. ముందున్న బావ మాత్రం అర్థమైంది. పీట అర్థమైంది. కొత్త చీర, గాజులు, కుంకుమ అర్థమయ్యాయి. ఇంకా అర్థం కావడానికి ఏముంది?

ఆ మధ్యాహ్నమే హనుమండ్లును వెతుక్కుంటూ మిల్లుకు వెళ్లింది. చిన్నాన్నను పిలిచే కాకా అన్న మాట ఒక్కటే ఆ ఊళ్లో తెలుగులోనూ మరాఠీలోనూ ఒకే అర్థంలో ఉన్నట్టుంది. లోపల పత్తి గింజ తీసే జిన్నులు హోరుమంటున్నాయి. గాలిలో పత్తి పీచు ఎగురుతోంది. నా పెళ్లి చేస్తున్నారా అని సూటిగా అడగడానికి నోరు రాలేదు. ఆ రోజుల్లో ఏ పిల్లకు వస్తుంది!

"కాకా, ఆత్యా ఇంట్ల గింత హడావిడి ఎందుకు చేస్తుంది?"

హనుమండ్లు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, విని, గట్టిగా నవ్వాడు. "చెయ్యదా మల్ల? గా అంబదాస్ పీటెక్కి ఎన్నేండ్లాయె! ఎదురుంగ నిలబడెటందుకు నీ అసొంటి పిల్ల దొరికె. తల్లీకొడుకులు ఖుషీ మీదున్నరు. మీ బాపుకు సుత ఖబర్ వంపిన. గా దినానికి వస్తుండు."

"బాపు వస్తుండా?"

"రాకుంటె ఎట్ల? లీలాబాయి మరీ మరీ చెప్పింది. ఆయన లేంది పండుగ గాదన్నది."

ఇక అనుమానం లేదు. బాలలక్ష్మి మిల్లు గేటు దాటి బయటికి వచ్చింది. పారిపోదామా? పారిపోతే వెళ్లేది ఇంటికే. అక్కడ కొండల్ ఉన్నాడు. ఊరుకుందామా? ఊరుకుంటే ఇక్కడ అంబదాస్. గొడవ చేద్దామా? చేస్తే చెడ్డ మాట వచ్చినట్టే, బాపు షరతు ఉండనే ఉంది. ఎటు తిరిగినా పీటే. ఆ పిల్ల చలిలో నడిరోడ్డు మీద నిలబడి, దుమ్ము కళ్లలో పడినట్టు నటిస్తూ ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, ఒక్కటి మాత్రం గట్టిగా అనుకుంది. నలుగురి ముందూ చెప్పేస్తాను, ఇక్కడా చేసుకోను, అక్కడా చేసుకోనని. చదువు పోతే పోనీ గాని నోరు మూసుకుని మాత్రం పీట ముందు నిలబడను.

ఆ రోజు రానే వచ్చింది. ఎండ ఇంకా పెంకుల మీదికి పాకలేదు. రాజయ్య కొత్త ధోవతి కట్టుకుని, చంకలో సంచితో దిగాడు. "మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు గాని, కళ్లలోకి చూడలేదు. సంచి కింద పెట్టమంటే పెట్టలేదు. బాలలక్ష్మి అది గమనించింది. హనుమండ్లు కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పీట చుట్టూ ముగ్గు. అంబదాస్ తలంటుకుని, నల్ల టోపీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. లీలాబాయి వెలుగుతున్న దీపం, కుంకుమ, అక్షింతలు, వక్క ఉన్న పళ్లెం తెచ్చి బాలలక్ష్మి చేతుల్లో పెట్టింది. ఆకుపచ్చ గాజులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

"నేను చెయ్య" అంది బాలలక్ష్మి.

"ఏమైంది పోరీ? సిగ్గా?"

"నేను గీ పెండ్లి చేస్కోను. బాపూ, నన్నొక్క మాట అడిగినవా? మీ ఇంటి పిల్లె అని అప్పజెప్పి పోయినవు. ట్రైనింగు అని తోల్కచ్చి గిందుకేనా?"

రాజయ్య నోరు తెరిచాడు. "పెండ్లేంది? ఎవలి పెండ్లి?"

"గీ బావతోని."

హనుమండ్లు నవ్వబోయాడు. అంబదాస్ మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు.

అంబదాస్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మిల్లులో తెలుగు కూలీల దగ్గర నేర్చిన తెలుగు అది, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు. "బావ కాదు. భావు. మా దాంట్ల భావు అంటే... అన్న. ఒక్క తల్లి కడుపుల పుట్టిన అన్న. గియ్యాల చెల్లె అన్నకు దీపం తిప్పుతది. నాకు చెల్లె ఉండె. జ్వరమొచ్చి పోయింది. అప్పటి సంది నేను గీ పండుగకు ఇంటికి రాలే. ఈసారి మా ఆయి... అమ్మ కబురు వంపింది, ఇంట్ల చెల్లె ఉంది, రా అని."

అంతే చెప్పి తల వంచుకున్నాడు. రజాయి ఇచ్చిన రోజు కూడా ఇలాగే వంచుకున్నాడు. అది సిగ్గు కాదని బాలలక్ష్మికి ఇప్పుడు తెలిసింది. పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

రాజయ్యకు అప్పటికి కోపం వచ్చింది. ఇంత మందిలో కూతురు తన పరువు తీసిందని కోపం. "నీ బాపును గట్లెట్ల అనుకున్నవ్ బిడ్డా? నిన్ను అడగకుంట, నీకు చెప్పకుంట నీ లగ్గం చేస్తనా?"

"చెయ్యవా?" అంది బాలలక్ష్మి.

రాజయ్య చెయ్యి తనకు తెలియకుండానే చంకలోని సంచిని అదుముకుంది.

"గా సంచిల ఏమున్నది బాపూ?"

హనుమండ్లు మెల్లగా "రాజన్నా" అన్నాడు. అప్పుడు రాజయ్య నేల చూస్తూ చెప్పాడు. "మీ మామ లగ్గం చీర వంపిండు. మాఘంల ముహూర్తం పెట్టిన్రు. ఇంక ఆగనంటుండు. పండుగకు పిలిచిన్రు గద, ఎట్లాగు పోతున్న, రేపు నిన్ను తోల్కవోదమని..."

"నేనేం చెడ్డ మాట తెచ్చిన బాపూ?"

ఆ పిల్ల అనుకున్న పెళ్లి ఉత్తదే గాని, పడ్డ భయం ఉత్తది కాదు. ఒక మాట తప్పు విన్నదే తప్ప, బాపును తప్పుగా చదవలేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ ఒకేసారి తెలిసింది, రాజయ్యకు అందరికంటే ముందు.

ఇంతసేపూ లీలాబాయి ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తోంది. కొడుకు ఆమెకు మరాఠీలో అంతా చెప్పాడు. బావ అన్న చోట ఆమె నవ్వుతుందనుకున్నారు. నవ్వలేదు. సంచి సంగతి విన్నాక కొంగు బిగించుకుని వచ్చి, బాలలక్ష్మి చేతిలోంచి పళ్లెం తీసుకుంది.

"నువ్వు లే" అని కొడుకును లేపింది. "దాదా, నువ్వు కూసో. నా భావు నువ్వు. నాది ముందు."

రాజయ్య బిక్కమొహం వేసుకుని పీట మీద కూర్చున్నాడు. ఆమె బొట్టు పెట్టింది, అక్షింతలు వేసింది, దీపం తిప్పింది. తిప్పి, పళ్లెం ఆయన ముందు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఓవాళణి ఎయ్యి, దాదా."

దీపం తిప్పిన చెల్లెలికి అన్న పళ్లెంలో కానుక పెట్టాలని హనుమండ్లు చెప్పాడు. ఖాళీ పళ్లెం వెనక్కి పంపకూడదట, చెల్లెలు అడిగింది కాదనకూడదట. రాజయ్య హడావిడిగా జేబులో చెయ్యి పెట్టాడు.

"పైసలు వద్దు" అంది లీలాబాయి. "పిల్లనియ్యి."

రాజయ్య పీట మీదే ఎగిరిపడ్డాడు. తెలుగులో ఆ మాటకు అర్థం ఒక్కటే. బాలలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది. హనుమండ్లు నెత్తి కొట్టుకున్నాడు.

"అరే, గట్ల కాదు!" లీలాబాయి విసుక్కుంది. "చదువుకు ఇయ్యి. చదువు అయ్యే దాంక నా పోరి. నువ్వు తోల్కవోవద్దు. ఎవ్వని కోసం తోల్కవోవద్దు. చదువు అయినంక పోరి నోటితోని చెప్తది, ఎవ్వడు కావాలె, ఎవ్వడు వద్దు. నువ్వు చెప్పద్దు. నాకు గిదే ఓవాళణి."

దీపం వత్తి చిటపటలాడింది. ఆమె చేతులు నొప్పి పుట్టి ఉండాలి, పళ్లెం మాత్రం దించలేదు.

రాజయ్య కూతురి వైపు చూశాడు. వచ్చాక ఆమె కళ్లలోకి చూడటం అదే మొదటిసారి. పగిలిన పెదవులు, నల్లబడిన వేళ్లు, ఏడ్చి ఉబ్బిన మొహం. ఇంత చలిలో ఒక్క మాట కూడా చెప్పకుండా ఉన్నది ఎందుకో ఆయనకు తెలియనిది కాదు. తానే పెట్టిన షరతు.

"మీ మామ నన్ను బూతులు తిడ్తడు" అన్నాడు చివరికి. "మీ అవ్వ సుత తిడ్తది." తానే మళ్లీ "తిట్టనీ" అన్నాడు. నెత్తి మీది రుమాలు విప్పి మడిచి, పళ్లెంలో పెట్టాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్దది లేదు. "ఇచ్చిన, అక్కా."

రుమాలు అంచు దీపానికి తగిలి వాసన వచ్చింది. "అరే, అరే!" అంటూ లీలాబాయి చేత్తో ఆర్పింది. అప్పుడు గాని ఎవరికీ నవ్వు రాలేదు. బాలలక్ష్మి నవ్వితే పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆమె పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆమె అంబదాస్‌కు దీపం తిప్పింది. తప్పుగా అనుకున్నానని చెప్పబోతే అతడు అడ్డం వచ్చాడు. "నా ఓవాళణి ముందే ఇచ్చిన గద. గది కప్పుకో. దినాం మడతపెట్టి ఉంటే చూసి పరేషాన్ అయిన, రంగు నచ్చలేదేమో అని."

మర్నాడు బస్టాండులో పొగమంచు ఇంకా విడలేదు. రాజయ్య లగ్గం చీర ఉన్న సంచి తీసుకుని బస్సెక్కాడు. మాడిన అంచు ఉన్న రుమాలే చుట్టుకున్నాడు. పండుగ నాడు పుచ్చుకున్నదాన్ని ఆ పూటే ఉతికి ఆరబెట్టి, చలిలో ఉత్త నెత్తితో ఎట్లా పోతావని లీలాబాయి తిరిగి ఇచ్చేసింది. అంబదాస్ కజ్జికాయల డబ్బా కిటికీలోంచి అందించి దూరంగా నిలబడ్డాడు. ఎర్ర పూల రజాయి నిండా కప్పుకుని వచ్చిన బాలలక్ష్మి అతణ్ని కేకేసింది.

"భావూ, ఇటు రా! బాపు పిలుస్తుండు."

బస్సులో ముందు సీట్లో కరీంనగర్ దిక్కు ముసలమ్మ ఒకామె చటుక్కున వెనక్కి తిరిగి, పిల్లను, పిల్లవాణ్ని, రజాయిని తేరిపార చూసింది. రాజయ్య కిటికీలోంచి సగం బయటికి వచ్చాడు.

"అన్నా అను బిడ్డా" అన్నాడు బతిమాలుతున్నట్టు. "నీకు దండం పెడ్త, అన్నా అను."